పరీక్ష మంచం మీద భూమవ్వ

మా ఆసుపత్రిలో పరీక్షల రోజులు వస్తే నాకు కాలు ఒకచోట నిలవదు. పరీక్ష రాసేది నేను కాదు. నేను ఆడవాళ్ల మెడికల్ వార్డు హెడ్ నర్సును. అయినా ఆ రోజుల్లో అన్నం సయించదు. ఎవరైనా పలకరిస్తే కసురుకుంటాను, వేసిన తాళం మళ్లీ వెళ్లి లాగి చూస్తాను. మా ఆయన గిరిబాబు అప్పుడు నాతో మాటలు తగ్గించి తన కాఫీ తనే కలుపుకుంటాడు. తెలివైనవాడు.

ఈ కంగారంతా ఒక్క మనిషి అంటించింది. పేరు భూమవ్వ. నిజామాబాద్‌లో బీడీలు చేసుకుని బతికే ఆడమనిషి. బడి ముఖం చూడలేదు. కానీ మా మెడికల్ కాలేజీలో చదివి డాక్టర్లయిన పిల్లల్లో చాలామంది మొదటిసారి గుండె జబ్బు ఎలా ఉంటుందో విన్నది ఆమె ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టే. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు కాబట్టి రాస్తున్నాను.

ముందు మా ఆసుపత్రి సంగతి కొంచెం చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఇది జిల్లా ఆసుపత్రి. రోగి వచ్చేవాడు, డాక్టరు చూసి మందు రాసేవాడు. తగ్గితే ఇంటికి, తగ్గకపోతే హైదరాబాద్‌కు. తర్వాత మెడికల్ కాలేజీ వచ్చింది. అంతస్తుల మీద అంతస్తులతో కొత్త బిల్డింగు లేచింది, లిఫ్టులు వచ్చాయి, లిఫ్టుల ముందు జనం బారులు తీరారు. అసలు మార్పు మాత్రం మంచాల దగ్గర వచ్చింది. ఒక్క డాక్టరు వచ్చే చోటికి తెల్లకోట్ల గుంపు రావడం మొదలైంది. ముందు ప్రొఫెసరు, ఆయన వెనక పీజీలు, వాళ్ల వెనక హౌస్‌సర్జన్లు, అందరికంటే వెనక స్టెతస్కోపు మెడలో ఎలా వేసుకోవాలో కూడా ఇంకా తెలియని విద్యార్థులు. రోగిని చూస్తారు, చూస్తూనే రోగి పక్కన నిలబడి పాఠం చెబుతారు.

ముప్కాల్ నుంచో ఇందల్వాయి నుంచో బస్సెక్కి వచ్చిన జనానికి మొదట్లో ఇది మింగుడు పడలేదు. "గింతమంది ఎందుకొచ్చిండ్రు, నాకేమన్న పెద్దరోగమా?" అని బిక్కచచ్చిపోయేవాళ్లు. కొందరు దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాళ్లు. నాకూ చిరాకే. తుడిచిన నేల మీద అన్ని చెప్పులు తిరిగితే నేను భరించలేను. కానీ ఆ చెప్పుల వాళ్లే రేపు మన పిల్లలకు సూది వేయాలి కదా అని నోరు నొక్కుకునేదాన్ని.

ఇక పరీక్ష. ఆఖరి సంవత్సరంలో రాత పరీక్షతో పాటు మంచం దగ్గర పరీక్ష ఒకటి ఉంటుంది. ఒక్కో మంచం మీద ఒక్కో రోగి పడుకుంటాడు. ఏ విద్యార్థికి ఎవరు వస్తారో చీటీ తీసి తేలుస్తారు. ఆ విద్యార్థి రోగితో మాట్లాడి, తట్టి, నొక్కి, విని, జబ్బేమిటో వేరే ఊరి నుంచి వచ్చిన పెద్ద డాక్టరుకు చెప్పాలి. ఆ పెద్ద డాక్టరును ఎక్స్‌టర్నల్ అంటారు, రోగిని కేసు అంటారు. మనిషిని కేసు అనడం నాకు ఇష్టం లేదు. అయినా అలవాటులో నేనూ అంటాను.

మంచి కేసు దొరకడం అంత తేలిక కాదు. జబ్బు గుర్తులు స్పష్టంగా తెలియాలి, మనిషి మాత్రం నిలకడగా ఉండాలి. అందుకే అలాంటి రోగులను మావాళ్లు గుర్తుపెట్టుకుని, పరీక్షలు దగ్గరపడగానే ఫోన్లు చేసి పిలుస్తారు. వార్డులో మంచం ఇస్తారు, భోజనం పెడతారు, పనిలో పనిగా అన్ని టెస్టులూ చేస్తారు. భూమవ్వకు ప్రతి ఏడూ మొదటి ఫోను వెళ్లేది.

ఆమెకు చిన్నప్పుడు జ్వరం వచ్చి కీళ్లు వాచాయి. అలాంటి జ్వరం పోతూ పోతూ గుండె మీద చెయ్యి వేసి పోతుంది. గుండెలో ఒక వాల్వు బిగుసుకుపోయింది. ఎడమ రొమ్ము కింద స్టెతస్కోపు పెడితే, పక్కింట్లో ఎవరో విసుర్రాయి తిప్పుతున్నట్టు బరువైన శబ్దం. పుస్తకంలో రాసినట్టే ఉంటుందట. మొదటి బ్యాచి పిల్లలు వార్డులకు వస్తున్న రోజుల్లో భూమవ్వ ఆయాసంతో మా దగ్గరికి వచ్చింది. మా ప్రొఫెసరు రాజేంద్రప్రసాద్ గారు ఆమె ఛాతీ విని, ముఖం వెలిగిపోయి, "అందరూ రండి, ఇటు రండి" అని పిల్లలను పిలిచారు. నాకు ఒళ్లు మండింది. ఒక మనిషి ఊపిరి అందక పడి ఉంటే ఈ పండగేమిటి అనిపించింది.

భూమవ్వ నా చెయ్యి పట్టుకుని అడిగింది. "సిస్టరమ్మా, నాకు రోగమొస్తే వీళ్లంత గిట్ల సంబురపడుతున్నరేంది?"

"నీ గుండెలో ఒక శబ్దం ఉంది. అది ఒకసారి వింటే ఇంకో మనిషిలో కూడా గుర్తుపడతారు. అందుకని" అన్నాను.

భూమవ్వ జాకెట్టు సర్దుకుని, "అట్లనా? అయితే ఇననియ్" అంది. ఆ తర్వాత ఎప్పుడూ దుప్పటి ముసుగేసుకోలేదు.

మా ఇద్దరికీ స్నేహం త్వరగా కుదిరింది. మాది బోధన్ దగ్గరి పల్లె. తాతల నాడు కోస్తా నుంచి కాలువ నీళ్ల కోసం వచ్చి స్థిరపడ్డాం. మా నాన్న జగ్గారావు చెరకు రైతు. భూమవ్వ భర్త రాజనర్సు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో సీజను పని చేసేవాడు. ఈ సంగతి తెలిశాక ఆమె నన్ను వదల్లేదు. "మీ బాపు తెచ్చిన చెరుకును మా ఆయనే మిషన్ల ఏసిండు సిస్టరమ్మా. మనం సుట్టాలమే" అనేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక మా నాన్న వరిలోకి మారాడు. రాజనర్సుకు మారడానికి పొలం లేదు. ఆ పనీ ఈ పనీ చేసి చివరికి శ్రీరాంసాగర్ దగ్గర చేపల కాపలాకు కుదిరాడు. నెలకోసారి చేపలు తెచ్చి, రెండు రోజులుండి పోతాడు. ఇంటిని నడిపింది భూమవ్వ చేతులే.

ఆ చేతులు ఊరికే ఉండటం నేను చూడలేదు. తునికాకు కత్తిరించడం, పొగాకు పోసి చుట్టడం, దారం కట్టడం, చాట ఒళ్లో పెట్టుకుంటే సాయంత్రం దాకా అదే పని. వార్డులో చాట ఉండదు కాబట్టి పడుకున్నప్పుడు కూడా వేళ్లు దుప్పటి అంచును చుడుతూ ఉండేవి. నాకు కాలు నిలవదు, ఆమెకు చెయ్యి నిలవదు. కూతురు ఉమారాణి గాజుల దుకాణంలో పనిచేస్తుంది. "ఇద్దర్ని ఒక్క రూముల పెడితే గోడలకు సుతం తలనొప్పొస్తది" అని ఆ పిల్ల మమ్మల్ని ఆటపట్టించేది.

బీడీల కార్ఖానాలో భూమవ్వ చేసిన కట్టల్లో వంకలు పెట్టి పక్కన పడేసేవాళ్లే గాని బాగున్నాయన్న వాళ్లు లేరు. వాడలో ఆమె ఉమారాణి తల్లి, రాజనర్సు పెండ్లాం. ఇక్కడ మాత్రం పెద్ద పెద్ద డాక్టర్లు వంగి, కళ్లు మూసుకుని, ఆమె గుండె వింటారు. పరీక్ష అయ్యాక పిల్లలు కాళ్లకు దండం పెట్టి పోతారు. ఆమె వాడలోకి వెళ్లి ఈ సంగతి చెబితే మొదట ఎవరూ నమ్మలేదు. ఒకసారి ఒక పాత విద్యార్థిని డాక్టరై, కారు దిగి, వాళ్లింటికి మిఠాయి పట్టుకొచ్చింది. ఆ రోజు నుంచి వాడ వాడంతా ఆమెను డాక్టర్ల భూమవ్వ అనడం మొదలుపెట్టింది. ఆ పేరు చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి. నాకు అసూయ కూడా వేసేది. ఇన్నేళ్ల సర్వీసులో నాకు మిఠాయి తెచ్చినవాళ్లు లేరు.

కేసుగా ఉండేవాళ్లు తమ జబ్బు పేరు విద్యార్థికి చెప్పకూడదు. భూమవ్వ ఒక్కనాడూ చెప్పలేదు. కానీ విద్యార్థి తడబడుతుంటే చూసి ఊరుకునేది కాదు. ఆ శబ్దం ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే బాగా వినిపిస్తుంది. తిరగమని చెప్పడం విద్యార్థి మరిచిపోతే, నడుం నొప్పి పుట్టినట్టు మూలుగుతూ తనే ఎడమకు తిరిగేది. ఒక ఎక్స్‌టర్నల్ ఇది పసిగట్టి, "ఏమ్మా, నువ్వు రాస్తున్నావా పరీక్ష?" అని మందలించాడు. ఆ మాట నాకు చెప్పి పొట్ట పట్టుకుని నవ్వింది.

కిందటిసారి పరీక్షల్లో ఆమె మంచం మహేందర్ అనే అబ్బాయికి పడింది. బాల్కొండ పిల్లవాడు, తండ్రిది పసుపు వ్యవసాయం. మామూలు రోజుల్లోనే భూమవ్వ దగ్గర చేరికగా ఉండేవాడు. పరీక్షలో ఆమె ఛాతీ మీద స్టెతస్కోపు అటూ ఇటూ జరిపి జరిపి చాలాసేపు విన్నాడు. ఎక్స్‌టర్నల్ రెండు ప్రశ్నలకు గట్టిగా కసిరాడు కూడా. కొన్నాళ్లకు ఫలితాలు వచ్చాయి. ఆ రోజు భూమవ్వ గుండెకు మళ్లీ జ్వరం దెబ్బ తగలకుండా వేసే సూది కోసం వచ్చి, వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. మహేందర్ ఎటు నుంచి వచ్చాడో వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. "ఫెయిలైన అవ్వా" అని, చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. నేను మందుల ట్రాలీ తోసుకుంటూ చూశాను. భూమవ్వ వాడి వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఆ రోజు నుంచి ఆమెకు మనశ్శాంతి పోయింది. తన గుండె సరిగా పలకలేదు కాబట్టే పిల్లవాడి ఏడాది పోయిందని మనసులో ముద్ర పడిపోయింది. అంతకుముందు ఒక హౌస్‌సర్జన్ ఆమె వీపు విని, "మందులు బాగా పనిచేస్తున్నయ్ అవ్వా, చప్పుడు తగ్గింది" అని ఉన్నాడు. అతను చెప్పింది ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడు గురించి. ఆమె దాన్నీ దీన్నీ కలిపేసుకుంది. గోలీలు వేసుకుంటే శబ్దం తగ్గుతుంది, శబ్దం తగ్గితే పిల్లలు ఫెయిలవుతారు. ఇంత పెద్ద లెక్క కట్టుకుని ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

ఈలోపు అసలు ప్రమాదం వేరే వైపు నుంచి వచ్చింది. స్కానింగు చూసిన రాజేంద్రప్రసాద్ గారి ముఖం ఈసారి వెలగలేదు. వాల్వు బాగా బిగుసుకుపోయిందనీ, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పనీ చెప్పారు. కోసేది లేదు, తొడ దగ్గరి నుంచి సన్నటి గొట్టం పంపి, చివర బుడగతో వాల్వును తెరుస్తారు. అది హైదరాబాద్‌లో చేస్తారు, ఆరోగ్యశ్రీలో అయిపోతుంది. ఉమారాణి వెంటనే ఒప్పుకుంది. భూమవ్వ ఒక్కటే ప్రశ్న అడిగింది.

"సారూ, గా వాల్వు తెరిస్తే శబ్దం పోతదా?"

"చాలా మటుకు పోతుంది. మనకు కావలసింది అదే కదా" అన్నారాయన.

ఆమె ముఖం చిన్నబోయింది. ఆయన వెళ్లాక నన్ను కొంగు పట్టుకుని ఆపింది. "శబ్దం పోతే నన్నెవరు పిలుస్తరు సిస్టరమ్మా?"

"ప్రాణం పోతే ఎవరు పిలుస్తారు?" అన్నాను. మెత్తగా అనలేకపోయాను. నాకు భయం వేసినప్పుడు కోపమే ముందు వస్తుంది.

కానీ ఆమె మొండి. పరీక్షలు కొద్ది వారాల్లో ఉన్నాయి, మహేందర్ మళ్లీ కూర్చుంటున్నాడు, ఈ ఒక్కసారి ఉండి తర్వాత పోతానంటుంది. ఎవరు చెప్పినా అదే మాట. రాజనర్సు శ్రీరాంసాగర్ నుంచి వచ్చి బతిమాలాడు, ఉమారాణి రెండు పూటలు అన్నం మానేసింది. చివరికి రాజేంద్రప్రసాద్ గారు ఒక షరతు పెట్టారు. అప్పటికి ఆమె మందులతో నిలకడగానే ఉంది. కాబట్టి గుండె వేగాన్ని తగ్గించే గోలీ, ఒంట్లో చేరిన నీళ్లు తీసే గోలీ ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకోవాలి. పరీక్షలు కాగానే హైదరాబాద్ బండెక్కాలి. భూమవ్వ ఉమారాణి తల మీద చెయ్యి వేసి సరేనంది.

కూతురు తల మీద ఒట్టు వేసిన ఆ మనిషి, పరీక్ష దగ్గర పడగానే రెండు గోలీలూ మానేసింది. ఉమారాణి ఇచ్చినప్పుడు నోట్లో వేసుకోవడం, తర్వాత పెరట్లోకి వెళ్లి ఉమ్మేయడం. వార్డులో చేరాక నా నర్సుల ముందూ అదే నాటకం. ఇది మాకు తర్వాత తెలిసింది. ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు సగం కోపం, సగం భయం. పరీక్ష ముందు రోజు సాయంత్రం పీజీ వచ్చి చూస్తే, "మంచిగున్న" అని ఉన్న పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. నాడి కాస్త వేగంగా ఉందంటే, "పరీక్షంటే నాకు సుతం పరేషానే కదా సారూ" అంది. అందరం నవ్వాం.

పరీక్ష రోజు పొద్దున్నే హాలులో మంచాలు వేసి, మధ్యలో ఆకుపచ్చ తెరలు పెట్టాం. భూమవ్వ మంచం కిటికీ పక్కన. తెరకు ఇవతల మంచం మీద తుకారాం అనే పెద్దాయన, సరిహద్దు పల్లె మనిషి, కాలేయం పెరిగిన కేసు. చీటీలు తీస్తే భూమవ్వ స్నేహలత అనే అమ్మాయికి పడింది. మహేందర్‌కు తుకారాం వచ్చాడు. తెర మూసేముందు భూమవ్వ ఆ సంగతి చూసింది. ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. తర్వాత స్నేహలతను చూసి, "రా బిడ్డా" అంది. ఎవరి బిడ్డయితేనేం అనుకుని ఉంటుంది.

నేను తలుపు దగ్గర ట్రేలతో నిలబడ్డాను. విద్యార్థి రోగి దగ్గర ఉన్నంతసేపు, పిలిస్తే తప్ప మేము తెర లోపలికి వెళ్లకూడదు. అందుకని తలుపు నుంచి బీరువాకు, బీరువా నుంచి తలుపుకు తిరుగుతున్నాను. తెర వెనక నుంచి స్నేహలత ప్రశ్నలు వినిపిస్తున్నాయి, ఆయాసం ఎప్పటి నుంచి, రాత్రి లేచి కూర్చుంటారా, కాళ్లు వాస్తాయా. భూమవ్వ జవాబులు పొట్టిగా ఉన్నాయి. ఆమె జవాబులు ఎప్పుడూ పొట్టిగా ఉండవు. రాజనర్సు చేపల దగ్గర మొదలుపెట్టి ఆయాసం దాకా వచ్చే మనిషి. నా మనసు కీడు శంకించింది. ఎక్స్‌టర్నల్ దగ్గరికి వెళ్లి చెబుదామా వద్దా అని ఒక అడుగు ముందుకూ ఒక అడుగు వెనక్కూ వేస్తున్నాను.

తర్వాత మాటలు ఆగిపోయాయి. స్నేహలత వింటోందన్నమాట. ఎంత విన్నా ఏమీ దొరకలేదని ఆ పిల్లే తర్వాత చెప్పింది. ఒకచోట పెట్టి, తీసి, ఇంకోచోట పెట్టి. ఇది చూసి భూమవ్వ తన అలవాటు ప్రకారం ఎడమకు తిరిగింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషి అసలు వెల్లకిలా పడుకోవడమే కష్టం. ఆమె పొడి దగ్గు దగ్గింది.

"అవ్వా, మీకు బాగానే ఉందా?" స్నేహలత గొంతు.

"మంచిగనే... ఉన్న... నువ్వు ఇను... బిడ్డా."

ఆ కాస్త మాటకు మూడు చోట్ల ఆగి ఊపిరి తీసుకుంది. నేను ట్రే కింద పెట్టేలోపే ఇవతల మంచం దగ్గర స్టూలు పడిన శబ్దం వచ్చింది. మహేందర్ తుకారాంను వదిలేసి, తెర లాగి, అవతలికి వెళ్లాడు. నేను ఆక్సిజన్ సిలిండరు తోసుకుంటూ చేరేసరికి ఆమెను లేపి కూర్చోబెట్టి, కాళ్లు మంచం కిందికి దించి, వీపుకు తన భుజం ఆనించి నిలబడి ఉన్నాడు. ఆమె పెదాలు నల్లబడ్డాయి. స్నేహలత స్టెతస్కోపు గుండెకు హత్తుకుని కొయ్యబారిపోయింది.

ఎక్స్‌టర్నల్ హాలు ఆ చివర నుంచి గద్దించాడు. "ఏయ్, ఎవరు నువ్వు? అది నీ కేసు కాదు. నీ చోటికి వెళ్లు."

"సార్, ఆమెకు ఊపిరాడుతలేదు. మీరొక్కసారి వచ్చి చూడండి సార్" అన్నాడు మహేందర్. ఆనించిన భుజం మాత్రం తీయలేదు. పరీక్షలో ఇలా లేచి తిరిగితే ఏమవుతుందో వాడికి తెలుసు. రెండోసారి రాస్తున్నవాడికి ఇంకా బాగా తెలుసు.

ఎక్స్‌టర్నల్ వచ్చి, ఒక్కసారి వీపు విని, ఆ మరుక్షణం గద్దించడం మానేసి ఇంజక్షన్ పేరు చెప్పాడు. రాజేంద్రప్రసాద్ గారు పక్క గదిలో నుంచి పరుగెత్తుకొచ్చారు. నేను సూది గుచ్చాను. ఎలా గుచ్చానో నాకే తెలియదు. చేతులు వాటి పని అవి చేశాయి. ట్రాలీ మీద ఆమెను ఐసీయూకు తోసుకుపోతుంటే వెనక నుంచి ఎక్స్‌టర్నల్ మాట వినిపించింది.

"నీ కేసు ఎవరు?"

"తుకారాం సార్."

"అయితే అతని దగ్గరికి వెళ్లు. పోయిన టైము నేను కలుపుతాను."

స్నేహలతకు వేరే కేసు ఇచ్చారని తర్వాత తెలిసింది. వాళ్లిద్దరూ పాసయ్యారు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, మీరైనా కంగారు పడకుండా.

సాయంత్రానికి భూమవ్వ కాస్త తేరుకుంది. ఉమారాణి దుకాణం నుంచి పరుగున వచ్చి తల్లి కాళ్లు పట్టుకుని కూర్చుంది. మందులు వేసుకుంటున్న మనిషికి ఉన్నట్టుండి ఇలా ఎందుకయిందని డాక్టర్లు తర్జనభర్జన పడుతుంటే, ఆమె ముక్కుకు గొట్టంతోనే నా వైపు చూసి నిజం చెప్పేసింది.

"గోలీలు బంద్ జేసిన సిస్టరమ్మా. శబ్దం మంచిగ రావాలని. గా పోరడు నా మూలంగ ఒక ఏడు పోగొట్టుకుండు కదా."

నేను బయటికి వచ్చి వరండా ఆ చివర దాకా నడిచాను, మళ్లీ ఈ చివర దాకా నడిచాను. ఆమెను నాలుగు దులపాలనిపించింది, ఆమె మెడ పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. ఏదీ చేయకుండా లోపలికి వెళ్లి సెలైన్ చూసి వచ్చాను. మందులు మళ్లీ మొదలయ్యాయి. మనిషి నిలకడ పడగానే పంపమని హైదరాబాద్ డాక్టర్లు ఫోనులో చెప్పారు. భూమవ్వ మాత్రం గోడ వైపు తిరిగి పడుకుంది. "ఇప్పుడు సుతం పొమ్మంటరా? ఈసారన్న మంచిగ ఇనిపించకపోతిని. ఒక్కసారి సక్కగ ఇనిపించినంక పోత" అంటుంది. ఉమారాణి తల బాదుకుంది. ఒప్పుకుంటున్నానని కాగితం మీద, ఉమారాణి నేర్పిన సంతకం పెట్టాల్సింది భూమవ్వే. ఆమె పెట్టనంటే ఎవరూ ఎత్తుకుపోలేరు.

మర్నాడు మహేందర్ వచ్చాడు. పరీక్షల గడ్డం, ఎర్రబడ్డ కళ్లు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నేను వాడిని ముందే వరండాలో పట్టుకుని గోలీల సంగతంతా చెప్పి ఉన్నాను.

"అవ్వా, ఎంత పని జేసినవే" అన్నాడు. "గా గోలీ గుండెను నిమ్మలం జేస్తది. గుండె నిమ్మలంగ కొట్టుకుంటేనే నీ శబ్దం దొరుకుతది. నువ్వు బంద్ జేసేసరికి గుండె ఉరకవట్టింది, శబ్దం దాంట్ల కలిసిపోయింది. పాపం స్నేహలతకు ఏం ఇనవడలే."

భూమవ్వ గోడ వైపు నుంచి మెల్లగా ఇటు తిరిగింది. "గోలీలు ఏసుకుంటేనే ఇనవడ్తదా?"

"ఏసుకుంటేనే. పోయినసారి ఏసుకున్నవ్ కదా, నాకు మంచిగ ఇనవడ్డది."

"మరి ఫెయిలైతివి కదరా."

"రాత పరీక్షల ఫెయిలైన అవ్వా. నీ మంచం కాడ మంచి మార్కులే వచ్చినయ్. రాతల పోతే మొత్తం మల్ల రాయాలె, గందుకే మల్ల కూసున్న."

ఆమె ఇన్ని నెలలు మోసిన బరువు తనది కాదని తెలిసి, దాన్ని ఎక్కడ దించాలో తెలియనట్టు చూసింది. దుప్పటి అంచు మీద వేళ్లు ఆగిపోయాయి. నాకు కూడా ఏదో ఒక పని చెయ్యాలనిపించింది, చెయ్యడానికి ఏమీ కనిపించలేదు.

"మరి నా పక్కకొచ్చి ఎందుకేడ్సినవ్ కొడుకా?" అని చివరికి అడిగింది. "నా మూలంగనే అనుకుంటిని కదరా."

మహేందర్ తల దించుకున్నాడు. "ఇంటికి పోతే బాపు మొహం సూడాలె. హాస్టల్ల అందరు పాసై సంబురం జేస్కుంటున్నరు. ఏడ్వనీకి ఈ ఊళ్లె నాకు ఇంకెవరున్నరవ్వా."

భూమవ్వ కళ్ల నుంచి నీళ్లు కారి చెవుల వైపు జారాయి, తుడుచుకోలేదు. ఉమారాణి తుడవబోతే చెయ్యి పక్కకు తోసింది. ఆయాసం తగ్గే దాకా ఆగి, నా వైపు తిరిగింది.

"సిస్టరమ్మా, సంతకం ఏడ వెట్టాల్నో సూపెట్టు. శబ్దం పోతే పోనియ్."